నిరాశ్రయుల కోసం నెల్లూరు, ఒంగోలు పట్టణాలలో నిలకడైన ఏర్పాటు చేయగలమా?

పెన్నాతీరం (మూలాపేట, నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో మనం కాలువల పూడిక గురించీ, అండర్‌బ్రిడ్జిల కింద నిలిచే నీటి గురించీ ఎంతో మాట్లాడుకున్నాము గానీ, రాత్రిపూట ఆరుబయట పడుకునేవారి గురించి ఒక్కసారి కూడా నింపాదిగా చర్చించలేదు. అందుకే ఈ శీర్షికను ప్రారంభిస్తున్నాను.

నన్ను ఈ ఆలోచనలో పడవేసింది రోజాన్ హాగర్టీ అనే అమెరికన్ సామాజిక వ్యవస్థాపకురాలి పని. ఆమె 1990లో న్యూయార్కులో కామన్ గ్రౌండ్ అనే సంస్థను నెలకొల్పి, టైమ్స్ స్క్వేర్ దగ్గర పాడుబడిపోతున్న ఒక పాత హోటలును బాగుచేయించి, 652 నివాసాలుగా మార్చారు. వీధిలో బతికి వచ్చినవారినీ, చిన్న జీతాల మీద బతికే మామూలు ఉద్యోగులనూ అందులో పక్కపక్కనే ఉంచారు. వైద్యం చేసేవారినీ, ఉపాధి చూపించేవారినీ అదే భవనంలో కూర్చోబెట్టారు. ఆ తరువాత జరిగిన సంగతి మనకు మరింత పనికివస్తుందని నా నమ్మకం. భవనం నిండినా, చుట్టుపక్కల కాలిబాటల మీద ఏళ్ళ తరబడి ఉంటున్నవారు మాత్రం అక్కడే ఉండిపోయారు. అప్పుడు ఆమె బృందం వారంతట వారు వస్తారని ఎదురుచూడడం మాని, తెల్లవారుజామున వీధుల్లోకి వెళ్ళి, ఒక్కొక్కరి పేరు, వయసు, జబ్బులు, ఎన్నేళ్ళుగా బయట ఉంటున్నదీ అడిగి రాసుకుని, ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉన్నదో వారికి ముందుగా ఇల్లు చూపించడం మొదలుపెట్టింది. 2010లో ఇదే పద్ధతితో ప్రారంభించిన లక్ష ఇళ్ళ ఉద్యమం ద్వారా 2014 నాటికి అమెరికా అంతటా లక్షమందికి పైగా ఇళ్ళలో చేరారు.

మన ఊరికి వస్తే, రాత్రి పదకొండు దాటాక ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషను, ప్రభుత్వాసుపత్రి పరిసరాలలో నడిచిన ప్రతివారికీ ఈ దృశ్యం తెలుసు. మొన్నీమధ్య బస్టాండు బయట ఒక పెద్దాయనతో కాసేపు మాట్లాడాను. చెప్పులు రెండూ ఒకదానిలో ఒకటి దూర్చి తువ్వాలులో చుట్టి తలకింద పెట్టుకున్నాడు. సంచి పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. ముహూర్తాలున్న రోజుల్లో వంటమేస్త్రీల దగ్గర గుండిగలు తోముతాడట. "కూటికి ఇబ్బంది లేదు సామీ, అయిదు రూపాయలకి క్యాంటీన్లో తింటా. నిద్దరే లేదు. కన్ను మూసినామంటే సంచి పోతాది" అన్నాడు. ఆయనకు కావలసింది అన్నం పొట్లం కాదని ఆ మాటతోనే తెలిసిపోయింది. కానీ మనలో దానం చేయాలనుకునే ప్రతివారూ అన్నం పొట్లాలతోనే బయలుదేరుతాము.

పేరుపేరునా తెలుసుకుని, ఎవరికి కావలసింది వారికి అందించే పనిని పండగకూ పుట్టినరోజుకూ చేసే దానంలా కాకుండా, ఏడాది పొడవునా నడిచే సంస్థగా ఇక్కడ నిలబెట్టగలమా? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ట్రంకురోడ్డు వర్తకుడు (నెల్లూరు)

మీ ఉద్దేశం మంచిదేనండీ. కానీ వర్తకుల వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. పొద్దున షట్టరు తీయడానికి వచ్చేసరికి గుమ్మం ముందు మలమూత్రాలు శుభ్రం చేసుకోవలసి వస్తుంది. పడుకున్నవారిలో కష్టజీవులు ఉంటారు, తాగి పడిపోయినవారూ ఉంటారు, ఎవరు ఎవరో మాకు తెలియదు. ఉచితంగా వసతి పెడితే చుట్టుపక్కల ఊళ్ళవారందరూ ఇక్కడికే చేరతారనీ, నాలుగు నెలల తరువాత ఉత్సాహం చల్లబడితే ఆ భారం మళ్ళీ మా అరుగుల మీదకే వస్తుందనీ నా భయం. మునుపు కొందరు యువకులు చలికాలంలో దుప్పట్లు పంచారు. వారం తిరిగేసరికి అవి సగం ధరకు అమ్ముడయ్యాయి. వారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. దుప్పటి దాచుకునే చోటే లేనివాడికి దుప్పటి ఇవ్వడం వల్ల ఏమి ప్రయోజనం అని అడుగుతున్నాను.

అద్దంకి బస్టాండు (ఒంగోలు)

నేను పట్టణ పేదరిక నిర్మూలన పనులు చూసే విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఈ విషయంలో ప్రభుత్వం వైపు నుంచి ఇప్పటికే ఉన్న చట్రం ఏమిటో ముందు తెలుసుకుంటే, కొత్తగా చేయవలసినది ఎంతో తేలుతుంది.

2010లో సుప్రీంకోర్టు, ఆహార హక్కు కోసం పి.యు.సి.ఎల్. అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో నిరాశ్రయుల వసతి పథకాన్ని చేర్చారు, మన రాష్ట్రంలో ఆ మిషన్ పనిని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, చూసింది. ఆ మార్గదర్శకాలలోనూ లక్ష జనాభాకు ఒక గృహమే ప్రమాణం. ఒక్కొక్కటి 50 నుంచి 100 మందికి సరిపడాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. 50 మంది గృహానికి నిర్వహణ ఖర్చు ఏడాదికి ఆరు లక్షల రూపాయలుగా నిర్ణయించారు. ఉండేవారి ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా రుసుము తీసుకోవచ్చునని కూడా అందులోనే ఉంది. 2011 జనాభాతో చూసుకున్నా ఈ లెక్కన నెల్లూరుకు అయిదు, ఒంగోలుకు రెండు గృహాలు ఉండాలి.

లోపం ఎక్కడంటే, 2011 జనగణనలో ఇల్లులేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలోనే లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలమంది తేలారు. ఒక రాత్రిలో కళ్ళబడనివారు, ఆ రాత్రి మండపంలోనో లారీ కిందో ఉన్నవారు ఎంతమంది లెక్కకు అందకుండా పోయి ఉంటారో ఊహించుకోండి. లెక్కే సరిగా లేనప్పుడు ఏ వార్డులో గృహం పెట్టాలన్న నిర్ణయం, ఖాళీ భవనం ఎక్కడ దొరికితే అక్కడ అన్న పద్ధతిలోనే జరుగుతుంది. పని దొరికే అడ్డాకు, బస్టాండుకు, ఆసుపత్రికి దూరంగా ఊరి చివర గృహం పెడితే, ఆటోకు నలభై రూపాయలు పెట్టి ఎవరు వెళ్ళి పడుకుంటారు? గృహం ఖాళీగా ఉంటుంది, కాలిబాట నిండుగా ఉంటుంది, "వారికి రావాలని లేదు" అని నివేదిక తయారవుతుంది. అందువల్ల పెన్నాతీరం గారు చెప్పిన పేరుపేరునా రాసే పద్ధతి మనకు అన్నిటికన్నా ముందు కావాలి.

ఇంకొక సంగతి. నిరాశ్రయుల పేరిట దేశంలో జరిగే హడావుడి ఎక్కువగా ఢిల్లీ చలి చుట్టూ తిరుగుతుంది. మన రెండు జిల్లాలలో మనుషుల్ని నిలువనీయనిది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వాన, ఆ తరువాత రోహిణి కార్తె ఎండ. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు గట్టుమీది కాలనీలవారికి పునరావాస కేంద్రాలు తెరిచారు. అంతకు ముందు కూడా ఇల్లులేనివారు ఆ కేంద్రాలకు ఎలా వెళ్ళాలి, అక్కడ ఏ చిరునామా చెప్పాలి?

తెల్లకోటు (పొగతోట, నెల్లూరు)

నర్సుగా చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. మీరందరూ "నిరాశ్రయులు" అని ఒక్కగుంపుగా మాట్లాడుతున్నారు గానీ, ఆసుపత్రి చుట్టూ రాత్రిపూట కనిపించేవారిలో కనీసం మూడు రకాలవారు ఉంటారు.

ఎక్కువమంది రోగుల వెంట వచ్చినవారే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి రోగిని తీసుకుని వస్తారు. వార్డులో ఒక్కరికే అనుమతి, తక్కినవారు వరండాలో చాప పరుచుకుంటారు. లాడ్జికి రోజుకు ఆరేడు వందలు పెట్టలేరు. వీరికి ఇల్లు ఉంది, ఆ పది రోజులకు మాత్రం లేదు. ఎనభై, వంద రూపాయలకు శుభ్రమైన పడక, స్నానాల గది, కాస్త వేడినీళ్ళు దొరికితే సంతోషంగా ఇస్తారు.

రెండోవారు, ఆసుపత్రిలో చేర్పించి కుటుంబ సభ్యులు వదిలివెళ్ళిన ముసలివారు. జబ్బు నయమైనా డిశ్చార్జి చేయడానికి చోటు ఉండదు. ఇలాంటివారి కోసమే 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో స్థాయిలో ట్రిబ్యునల్ ఉంటుంది. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల నుంచి, పోషణ బాధ్యత షరతుగా రాసి ఉంటే, ఆ రాతకోతలను రద్దు చేయించే అవకాశం కూడా ఉంది. అయితే కాలు విరిగి మంచం మీద ఉన్న మనిషి తరఫున అర్జీ రాసి, వాయిదాలకు వెళ్ళేవారు ఎవరు? 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉన్న సంగతి కూడా వారికి తెలియదు.

మూడోవారి గురించి చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను. మతిస్థిమితం కోల్పోయి, భాష కాని భాష మాట్లాడుతూ, జడలు కట్టిన జుట్టుతో హైవే వెంట నడిచే మనుషులు. చెన్నై-కోల్‌కతా రహదారీ, రైలు మార్గమూ మన ఊరి మీదుగానే వెళుతున్నందువల్ల ఒడిశా, బెంగాల్, బీహార్‌లలో ఇల్లు వదిలినవారు ఇక్కడ తేలుతుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 100వ సెక్షన్ ప్రకారం, ఇలా తిరుగుతున్నవారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటలలోగా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్పులో ఉంచకూడదు, అదృశ్యమైన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి కుటుంబం ఆచూకీ కనుక్కోవాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. ఆసుపత్రిలో రెండు వారాలు మందులు వాడాక ఆ మనిషి తన ఊరి పేరు చెప్పగలిగే స్థితికి వస్తాడు. సరిగ్గా అప్పుడే మంచం ఖాళీ చేయవలసి వస్తుంది, వెళ్ళేచోటు లేక మళ్ళీ రోడ్డెక్కుతాడు, మందులు ఆగిపోతాయి. ముంబై వైపు డాక్టర్ భరత్ వాట్వానీ, వారి శ్రద్ధ సంస్థ ఈ మధ్య దశనే పట్టుకుని వేలమందిని సొంత ఊళ్ళకు చేర్చారు. 2018లో వారికి మెగసెసే పురస్కారం వచ్చింది. చెన్నైలో 1993 నుంచి నడుస్తున్న ద బాన్యన్ సంస్థ, ఇంటికి వెళ్ళలేనివారిని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంచి, ఒక సహాయకురాలిని పెట్టి, వండుకుని తింటూ బతికే ఏర్పాటు చేసింది. చెన్నై మనకు మూడు నాలుగు గంటల ప్రయాణం. అమెరికా దాకా వెళ్ళేముందు అక్కడికి వెళ్ళి నేర్చుకోవచ్చు.

ట్రంకురోడ్డు వర్తకుడు

అమ్మా, మీరు చెప్పిన రోగుల సహాయకుల సంగతి నాకు కొత్తగా తట్టింది. డబ్బు ఇచ్చి ఉండగలిగేవారూ, ఇవ్వలేనివారూ ఒకే కప్పు కింద ఉంటే లెక్క నిలబడుతుందా? హాస్టళ్ళు నడిపేవారు ఎవరైనా ఉంటే నికరంగా చెప్పాలి.

హాస్టలు లెక్కలు (మాగుంట లేఅవుట్, నెల్లూరు)

పిలిచినట్టే వచ్చాను. నేను పోటీ పరీక్షల విద్యార్థులకు హాస్టలు నడుపుతున్నాను. ఈ కింది అంకెలు నా అనుభవాన్ని బట్టి వేసిన అంచనాలు మాత్రమే.

యాభై పడకలకు, మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున, 2,500 చదరపు అడుగులు కావాలి. కొత్త కట్టడం గురించి ఆలోచించనే వద్దు. స్టోన్‌హౌస్‌పేట వైపు వాడకంలో లేని బియ్యం గోడౌన్లు ఉన్నాయి, మూతపడిన సినిమా హాళ్ళు ఉన్నాయి. అలాంటిదానికి నెలకు ముప్పైవేల అద్దె అనుకుందాం. మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, ఒక్కొక్కరికి పన్నెండువేలు, మొత్తం ముప్పైఆరువేలు. మేనేజరుకు పదిహేనువేలు. పారిశుధ్యానికి తొమ్మిదివేలు, కరెంటు, నీళ్ళకు పన్నెండువేలు, దుప్పట్ల ఉతుకుడు, పరుపుల అరుగుదలకు ఎనిమిదివేలు. అన్నీ కలిపి నెలకు 1,10,000.

రాబడి వైపు, రోజుకు నలభై పడకలు నిండి, తలకు ముప్పై రూపాయలు వస్తే నెలకు 36,000. అయిదు వందలు కూలి సంపాదించే మనిషికి ఇరవయ్యో వంతు ఇరవైఅయిదు, పదో వంతు యాభై కాబట్టి, ముప్పై రూపాయలు మార్గదర్శకాలకు లోబడే ఉంటుంది. ప్రభుత్వ పథకం కింద ఏడాదికి ఆరు లక్షల స్థాయిలో నిర్వహణ నిధి దొరికితే నెలకు 50,000. ఇంకా 24,000 తక్కువ. నర్సమ్మ గారు చెప్పిన సహాయకుల కోసం, వేరే ద్వారంతో ఇరవై పడకల గది ఒకటి పెట్టి, ఎనభై రూపాయల చొప్పున పన్నెండు పడకలు నిండినా నెలకు 28,800 వస్తుంది. ఆ గదికి అయ్యే అదనపు అద్దె, కరెంటు పోను కొంచెం వెలితి ఉంటే, దానిని చందాలు భరించగలవు. కానీ మొత్తం గృహాన్ని చందాల మీద నిలబెట్టాలనుకుంటే రెండో ఏడాది చూడదు.

నేను గట్టిగా పట్టుబట్టేది తాళం వేసుకునే పెట్టె విషయంలో. మనిషికి ఒక ఇనుప అర, ఒక తాళంచెవి. విద్యార్థి హాస్టల్లో చేరగానే మొదట అడిగేది అదే. బస్టాండు దగ్గరి పెద్దాయన చెప్పిందీ అదే కదా. పగటిపూట సామాను పెట్టుకునే చోటు ఉంటే మనిషి నిశ్చింతగా పనికి వెళతాడు, సంచి మోసుకుని అడ్డాలో నిలబడితే మేస్త్రీ పిలవడు. తరువాత కిటికీలకు దోమతెర. మన నెల్లూరు దోమల మధ్య ఫ్యాను ఉన్నా తెర లేకపోతే నిద్ర పట్టదు. అలాగే పొద్దున అయిదింటికి లేపి బయటికి పంపే నియమం ఉండకూడదు. రాత్రి హోటల్లో పనిచేసి రెండింటికి వచ్చే సర్వరు ఎప్పుడు పడుకోవాలి?

డబ్బు లేదన్న కారణంతో ఏ రాత్రీ ఎవరినీ తలుపు దగ్గర నుంచి తిప్పి పంపకూడదు. ఆ రాత్రి రుసుమును పుస్తకంలో రాసుకుని, పని దొరికాక ఇవ్వమనవచ్చు, ఇవ్వలేకపోతే కొట్టివేయవచ్చు.

రాతిగని (చీమకుర్తి)

కార్మిక చట్టాల కేసులు చూసే వకీలుని. మీ చర్చలో రెండు జాగ్రత్తలు చేర్చదలచుకున్నాను.

ఒకటి, పేర్ల జాబితా. పేరు, వేలిముద్ర, ఫొటో, పడుకునే చోటు అన్నీ ఒక పుస్తకంలో చేరితే, అది ఎవరి చేతికి వెళుతుంది అన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న. మన రాష్ట్రంలో 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. ఢిల్లీలో అమలులో ఉన్న ఇలాంటి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది గానీ, ఆ తీర్పు మన చట్టాన్ని రద్దు చేయదు. పెద్ద నాయకులు వచ్చినప్పుడో, ఉత్సవాలప్పుడో కాలిబాటలు ఖాళీ చేయించడానికి మన జాబితా పనికివస్తే, మరుసటి రోజు నుంచి ఎవరూ మనకు పేరు చెప్పరు. అందుచేత వ్యక్తి అంగీకారంతోనే రాయాలి, ఆ పుస్తకం సంస్థ దగ్గరే ఉండాలి, బయటికి మొత్తం అంకెలు మాత్రమే ఇవ్వాలి.

రెండోది, వసతి కల్పించే బాధ్యత చట్టప్రకారం ఎవరిదో మరిచిపోయి, ఆ బరువంతా దాతల మీద వేయకూడదు. చీమకుర్తి గ్రానైటు క్వారీలకూ, పాలిషింగు యూనిట్లకూ ఒడిశా, బీహార్‌ల నుంచి పనివారు వస్తారు. ఒంగోలుకు పడమట కనిగిరి, దర్శి, మార్కాపురం వైపు కరువు ఊళ్ళ నుంచి తాపీ పనికి ఒంగోలు, నెల్లూరు చేరేవారూ ఉన్నారు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు తగిన నివాసం చూపించడం కాంట్రాక్టరు విధి అని, 2025లో కొత్త కార్మిక స్మృతులు వచ్చేదాకా అమలులో ఉన్న 1979 చట్టమే చెప్పింది. భవన నిర్మాణ కార్మికులకు పని చోట ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని, అలాగే 2025 దాకా అమలులో ఉన్న 1996 చట్టం చెప్పింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధిలో వేయడమూ అప్పటి నుంచి ఉన్నదే. ఆ నిధి నుంచి లబ్ధి రావాలంటే కార్మికుడు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించి నమోదు చేసుకోవాలి. కాలిబాట మీద పడుకుంటూ రోజుకొక మేస్త్రీ దగ్గర పనిచేసే మనిషికి ఆ కాగితం ఎవరు ఇస్తారు?

మీరు పెట్టబోయే గృహంలో వారానికి ఒక సాయంత్రం నాలాంటివారు కూర్చుని ఈ నమోదులు చేయించగలిగితే, పడక ఇచ్చినంత మేలు జరుగుతుంది. బాకీపడిన కూలి రాబట్టడం కూడా అందులో భాగమే. పనిచేయించుకుని డబ్బు ఎగవేసినందువల్ల ఊరికి వెళ్ళలేక ఆరుబయట మిగిలిపోయినవారిని నేను చాలామందిని చూశాను.

కాలువగట్టు (ముత్తుకూరు వైపు)

నమస్కారం. నేను యానాది గిరిజన సమాజం నుంచి వచ్చినవాణ్ణి, మావారి మధ్యనే పనిచేస్తున్నాను. పట్టణం గురించి ఇంత మంచి చర్చ జరుగుతున్నందుకు సంతోషం. కానీ ఇల్లులేమి పట్టణానికే పరిమితం కాదు. 2011 లెక్కలో కూడా దేశంలోని నిరాశ్రయులలో దాదాపు సగం మంది పల్లెలలోనే ఉన్నారు.

రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కుటుంబాలను చూడండి. గట్టుమీద టార్పాలిన్ పట్టతో నాలుగు కర్రల గుడిసె వేసుకుంటారు. పంట పట్టిన తరువాత, లేదా వైరస్ వచ్చి గుంట ఎండగట్టిన తరువాత, యజమాని వద్దంటే ఆ రాత్రికే టార్పాలిన్, గిన్నెలు, కోళ్ళగంప తీసుకుని ఇంకో గట్టుకు వెళ్ళాలి. ఇటుకబట్టీల దగ్గరైతే ముందు అడ్వాన్సు తీసుకుని ఉంటారు కాబట్టి వెళ్ళిపోవడానికీ వీలుండదు. జనగణనవారు వచ్చిన రోజున ఆ గుడిసె ఇల్లుగానే లెక్కకు వస్తుంది. వాన వచ్చిన రోజున అది ఇల్లు కాదు.

వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా వెచ్చించారు, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన చేసినదానిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది, ఊరూరా తిరిగి మావారిని సంఘంగా కూర్చడం. గవర్నమెంటు స్థలం ఇచ్చినా, పక్క ఊరివారు అడ్డుకుంటే నిలబడి అడిగే సంఘం లేకపోతే ఆ స్థలం చేతిలో నిలవదు. కాబట్టి మీరు తలపెట్టే సంస్థలో, ఆరుబయట బతికినవారు గానీ, వారి సంఘం ప్రతినిధులు గానీ నిర్వాహకుల స్థానంలో ఉండాలని కోరుతున్నాను. కేర్‌టేకర్ల ఉద్యోగాలలో కూడా ముందు వారికే అవకాశం ఇవ్వండి. రాత్రి రెండింటికి తలుపు తట్టిన మనిషితో ఎలా మాట్లాడాలో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆధార్ విషయం. మావారిలో చాలామందికి పుట్టిన తేదీ కాగితం లేదు. ఆధార్ లేక రేషన్ కార్డు రాదు, రేషన్ కార్డు లేక ఒకటో తేదీన వచ్చే పింఛను రాదు. నెలకు నాలుగువేల వృద్ధాప్య పింఛను ఒక్కటి చేతికి వచ్చినా, పల్లెలో చిన్న గది అద్దెకు తీసుకుని బతకగలిగే ముసలివారు ఉన్నారు.

దర్గామిట్ట వాసి (నెల్లూరు)

ఇంతవరకు రాసినవారిలో స్త్రీల గురించి ప్రత్యేకంగా చెప్పినవారు లేరు. కాలిబాట మీద స్త్రీలు తక్కువగా కనిపిస్తారు కాబట్టి వారి సంఖ్య తక్కువ అనుకోవడం పొరపాటు. వారు కనిపించకుండా ఉండడానికే ప్రయత్నిస్తారు. రైల్వే స్టేషను వెయిటింగ్ హాల్లో ప్రయాణికుల్లా కూర్చుంటారు. గొలగమూడి ఆశ్రమంలో అన్నదానానికి వచ్చినవారితో కలిసిపోతారు. దర్గాల దగ్గర మొక్కుబడికి వచ్చినట్టుగా రోజులు గడుపుతారు. రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర లక్షలాదిమంది చేరి వెళ్ళిపోయాక, ఒకరిద్దరు ముసలమ్మలు అక్కడే మిగిలిపోయి ఉండడం నేను చూశాను. వారి వెంట వచ్చినవారు తిరిగి రారు.

ప్రతి జిల్లాలో ఉన్న వన్ స్టాప్ సెంటరులో హింసకు గురైన స్త్రీకి అయిదు రోజుల దాకా తాత్కాలిక వసతి దొరుకుతుంది, 181కి ఫోను చేస్తే దారి చూపుతారు. ఆరో రోజున ఎక్కడికి వెళ్ళాలన్నదే సమస్య. పిల్లవాడు వెంట ఉంటే, పన్నెండేళ్ళు దాటిన కొడుకును స్త్రీల గృహంలోకి రానివ్వరు, తల్లి పిల్లవాణ్ణి వదిలి రాదు. ఇద్దరూ స్టేషనుకే వెళతారు.

కాబట్టి మీ గోడౌను ప్రణాళికలో స్త్రీల కోసం ఒక మూల అని రాయకండి. విడిగా, వేరే వీధిలో, మామూలు ఇల్లులా కనిపించే చిన్న అద్దె ఇల్లు కావాలి. బోర్డు పెట్టకూడదు. బాన్యన్ వారు చేసినట్టు నలుగురైదుగురు కలిసి ఉండే ఇల్లయితే తల్లీపిల్లలకు కూడా సరిపోతుంది. దీనికి అయ్యే ఖర్చును పెద్ద గృహం మిగులు నుంచి ఆశించవద్దు, ఎందుకంటే మిగులు ఉండదని హాస్టలు లెక్కలు గారే తేల్చారు. మొదటి నుంచీ దీనికి విడిగా నిధి సమకూర్చాలి. కృష్ణపట్నం చుట్టూ పోర్టు, విద్యుత్కేంద్రాలు ఉన్నాయి. లాభాలలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలన్న కంపెనీల చట్టం నిబంధనలో స్త్రీలకు వసతి గృహాలు ఏర్పాటు చేయడం పేరుపెట్టి చెప్పిన అంశం.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగినదానికన్నా ఎక్కువే తెలిసింది. ముఖ్యంగా రాతిగని గారి జాబితా హెచ్చరికనూ, కాలువగట్టు గారి నిర్వాహక స్థానాల మాటనూ పూర్తిగా అంగీకరిస్తున్నాను.

నా ప్రతిపాదన ఇది. గృహం మాట కొంతకాలం పక్కనబెట్టి, ముందు ఒకే ఒక ప్రాంతంలో, అంటే ఆర్టీసీ బస్టాండు నుంచి ప్రభుత్వాసుపత్రి దాకా, పేరుపేరునా పలకరించే పని మొదలుపెడదాం. రాత్రి పదకొండు తరువాత, ఇద్దరిద్దరుగా, ప్రతి జంటలో ఒక స్త్రీ ఉండేలా. కెమెరాలు వద్దు, అన్నం పొట్లాలు వద్దు. ఏ ఊరు, ఏ పని, ఆరోగ్యం ఎలా ఉంది, ఏ కాగితాలు ఉన్నాయి, రాత్రికి అన్నిటికన్నా ఏది కావాలి అని అడగాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులను బట్టే పడకలు ఎన్ని, చికిత్స ఎందరికి, ఊరికి పంపవలసింది ఎందరిని అన్నది తేలుతుంది. వానలు మొదలయ్యేలోగా ఇది పూర్తికావాలి. అద్దంకి బస్టాండు గారూ, ఒంగోలులో ఇదే పని మీ చేతుల మీదుగా జరగగలదా? ఆధార్ విషయంలో ఏమైనా దారి ఉందా?

అద్దంకి బస్టాండు

తప్పకుండా. కర్నూలు రోడ్డు వంతెన నుంచి రైల్వే స్టేషను దాకా నేను బాధ్యత తీసుకుంటాను. ఆధార్‌కు దారి ఉంది. నిర్ణీత నమూనాలో గుర్తింపు పొందిన వసతి గృహం సూపరింటెండెంటు గానీ, వార్డెన్ గానీ ఇచ్చే ధ్రువపత్రాన్ని చిరునామా రుజువుగా తీసుకుంటారు. కార్పొరేటరు, తహసీల్దారు ఇచ్చినదీ చెల్లుతుంది. అంటే మన గృహానికి గుర్తింపు వచ్చిన రోజు నుంచి అక్కడ ఉండేవారికి అదే చిరునామా అవుతుంది. ఇందుకోసమైనా సంస్థను చట్టబద్ధంగా నమోదు చేయాలి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. ఆ తరువాత ఆదాయపు పన్ను కింద సంస్థకు మినహాయింపు, దాతలకు రాయితీ వచ్చే నమోదులు, కంపెనీల నిధుల కోసం సి.ఎస్.ఆర్.-1 పత్రం అవసరమవుతాయి. ఒక క్రమంలో వెళితే ఇవి అంత కష్టమైనవి కావు.

ట్రంకురోడ్డు వర్తకుడు

స్టోన్‌హౌస్‌పేటలో మా బంధువులదే ఒక గోడౌను ఖాళీగా ఉంది. కప్పు రేకులు మార్చాలి, మరుగుదొడ్లు కొత్తగా కట్టాలి. వారితోనూ, మా వర్తక సంఘంలోనూ మాట్లాడతాను. వర్తకుల తరఫున రెండు షరతులు. నెలనెలా జమాఖర్చులు గేటు దగ్గర అందరికీ కనిపించేలా అతికించాలి. మా దుకాణాల ముందు ఎవరైనా పడుకుని కనిపిస్తే, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చేయడానికి ఒక నంబరు ఉండాలి, ఆ ఫోను ఎత్తి మనిషి రావాలి. ఈ రెండూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, మొదటి ఏడాది కేర్‌టేకర్లలో ఒకరి జీతం మా సంఘం భరించేలా చూస్తాను. రాత్రి పలకరింపులకు ట్రంకురోడ్డు వరకు నేనే వస్తాను. తోడుగా ఎవరు వస్తారో రాయండి.